కాస్త, కొంచెం, ఓ మోస్తరు

బొగ్గుగనుల కాలనీ బడిలో ఇంగ్లీషు చెప్పే సుగుణమణి సగం గ్లాసు టీయే తాగుతుంది, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పిల్లలకు ఆమె ఇష్టంగా చెప్పేవి ‘ఫెయిర్లీ’, ‘రాదర్’, ‘మోడరేట్లీ’ అనే ఎడ్వర్బులు. మనసులో ఉన్నదంతా ఒలకబోయకుండా ఆపే మాటలవి, అంటుంది. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గుమాస్తా తీతు రోజూ షిఫ్టు అయ్యాక ఆమె గేటు దగ్గర సైకిలు ఆపి పలకరిస్తాడు. ఆ సైకిలు బెల్లు కోసం ఆమె మధ్యాహ్నం నుంచే చెవి ఒగ్గి ఉంటుంది. శనివారం అతను సైకిలు దిగలేదు.

“నన్ను కొత్తగూడెం బదిలీ జేసిండ్రు టీచరమ్మా. మీరు ఉండుమంటే మేనేజరు కాళ్లు పట్టుకొనైనా ఆపుకుంట. నేను పోతే మీకు బాధైతదా?”

ఆమె నవ్వు రాకపోయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కొంచెం,” అంది.

“కొంచెమంటే ఎంత? పావుసేరా, అర్ధసేరా?” అని నవ్వి, జవాబు కోసం ఆమె ముఖంలోకి చూస్తూ ఆగాడు. ఆమె గేటు గడియ సవరించింది. “కొంచెమైతే ఓర్సుకుంటరు తియ్యండి,” అని సైకిలు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం, చర్చి ఆరాధనలో, ఎప్పటిలాగే, ఆమె పాట ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకోవాలి. లేచి నిలబడింది. ఇప్పుడు నోరు తెరిస్తే పాటతో పాటు నిన్నటి నుంచి ఆపుకున్న ఏడుపూ ఒలికిపోతుందని ఆమెకు తెలుసు. “ఎత్తుకో బిడ్డా,” అంది పక్కనున్న సువార్తమ్మ. మందిరమంతా ఆమె గొంతు కోసం కాచుకుని ఉంది.