మూసేసిన పోర్టు

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు. రక్తపరీక్షల ల్యాబుల నుంచి డాక్టర్లకు రిపోర్టులు చేరవేసే సిస్టమ్‌ని నేను చూసుకుంటాను. ఈ మధ్యాహ్నం దాని కంటైనర్లు, అంటే అందులోని ప్రోగ్రాములు విడివిడిగా నడిచే పెట్టెల్లాంటివి, ఒక్కొక్కటీ తనిఖీ చేస్తుంటే, ఒకదాంట్లో బయటి ఇంటర్నెట్‌కి ఒక పోర్టు, డేటా వచ్చిపోయే దారి, తెరిచి ఉంది. మా జాబితాలో అది లేదు. పక్క సీట్లో ఉండే సీనియర్ నారాయణప్పగారిని అడిగాను. ఆయనది యలహంక.

“నేను చేరేటప్పటికే ఉండాది కదమ్మా. ఎవురూ వాడరు, మూసేయ్,” అన్నారు.

మూసేశాను. పది నిమిషాలైనా కాలేదు, తెలియని నంబరు నుంచి నా మొబైల్‌కి ఫోను.

“ఎందుకు మూసేశారు మేడమ్? మేం రోజూ వాడుతున్నాం కదా,” అన్నాడొకతను, ఎంతో మర్యాదగా.

“మీరెవరండీ?” అనగానే పెట్టేశాడు.

ఆ దారిన ఎవరెప్పుడు వచ్చారో నమోదయ్యే లాగ్స్ తీసి చూశాం. ఎవరో రోజూ వచ్చి, కొత్త రిపోర్టులన్నీ చదివి వెళ్తున్నారు. వెంటనే మేనేజర్‌కి చెప్పాం.

మార్పు చేసింది నేనని సిస్టమే చెబుతుంది. మరి నా ఫోన్ నంబరు అతనికెలా దొరికింది? ఇంటికొచ్చాక తట్టింది. పోయిన నెల నేనూ ఆ ల్యాబుల్లో ఒకదాంట్లోనే పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు మీద నా పేరూ, నంబరూ ఉన్నాయి. నాకు షుగర్ వచ్చిందని మావారికే ఇంకా చెప్పలేదు. అతనికి మాత్రం తెలుసు.

మీ రిపోర్టులు ఎవరెవరు చదువుతున్నారో మీకైనా తెలుసా?