నాలా సెన్సర్‌కి బంతిపూల దండ

తార్నాక చౌరస్తాలో నిలబడి, ముందుగా ఏ బస్సు వస్తే దాని మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం.

క్యాంపస్ ల్యాబ్‌లో యంత్రాలు బాగుచేయడం నా ఉద్యోగం. మా పరిశోధక విద్యార్థిని ఒకామె, వాన పడితే క్యాంపస్ వెనక పారే నాలాలో నీళ్ళు ఎప్పుడు ఎంత లేస్తాయో ముందే చెప్పే ప్రోగ్రాం రాసింది. కంప్యూటర్ లెక్క ఒకటి చెబుతుంది. నాలా మీద కమ్మీకి బిగించిన సెన్సర్ కిందికి చూస్తూ తన కొలత తాను చెబుతుంది. తోటికోడళ్ళ తగువు తీర్చే పెద్దమనిషిలా, ఎవరి మాట ఎంత నమ్మొచ్చో చూసుకుని ప్రోగ్రాం తీర్పు ఇస్తుంది.

దసరా సెలవుల ముందురోజు పొద్దున ల్యాబ్‌లో ఆయుధపూజ చేశాం. స్క్రూడ్రైవర్ నుంచి ప్రింటర్ దాకా అన్నిటికీ పసుపూ కుంకుమా. మధ్యాహ్నం ఆ ప్రోగ్రాం పనితీరు చూడటానికి పరీక్షాధికారి వచ్చాడు. ఆయన ఒప్పుకోకపోతే ఆమె మళ్ళీ వానాకాలం దాకా ఆగాలి.

తెర మీద సెన్సర్ కొలత గీత ఒక్కసారిగా లేచింది. బయట చూస్తే ఎండ.

“సార్, చుక్క వాన లేదు, నాలా నిండిందంటున్నది. ఏందిది?” అందామె నాతో.

“ఇప్పుడు దేన్ని నమ్ముతావమ్మా?” అన్నాడు పరీక్షాధికారి.

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది. “వాన లేకుండ నీళ్లు రావు సార్. సెన్సర్ మీద నమ్మకం తగ్గిస్తున్న. పూర్తిగ తీసెయ్య. మళ్ల నిజం చెప్తే మళ్ల నమ్ముతా.”

నేను స్కూటర్ మీద నాలా దగ్గరికి దూసుకెళ్ళాను. చూద్దును కదా, లాలాపేట్ నుంచి వచ్చిన గేదె ఒకటి ముందుకాళ్ళు గోడ మీద ఆనించి, సెన్సర్ కిందికి జారి వేలాడుతున్న బంతిపూల దండను తీరిగ్గా నములుతోంది. ఆ పూలనే సెన్సర్ నీళ్ళనుకుంది. ఆఖరి పువ్వు మింగి, త్రేన్చి, నాకు తలూపి వెళ్ళిపోయింది.

వెనక్కి వచ్చి ఈ సంగతి చెప్పాను. “మీ లెక్కలో గేదె ఉందా?” అన్నాడాయన.

“లేదు సార్. మా ఊర్ల రాసుంటే ముందు బర్రెనే పెట్టేదాన్ని.”

నాలుగున్నరకు నిజంగానే వాన దిగింది. ఐదూ పదికి నీళ్ళు నాలా గోడ మీది ఎర్రగీతను తాకుతాయంది ప్రోగ్రాం. ఒక్క గొడుగు కింద ముగ్గురం నిలబడి చూస్తుంటే ఐదూ పన్నెండుకి తాకాయి. ఆయన అక్కడే, తడిసిన కాగితం మీద సంతకం పెట్టాడు. ఆమె నవ్వుతూ వానలోకి నడిచింది. వెనకే మేమూ.

సరే, ఒట్టు బస్సుతోపాటే పోయింది. గేదె లేదు. దండ విప్పింది నేనే. ఆమె పని చల్లగా సాగాలని పొద్దున పసుపు పూసి కట్టిందీ నేనే.

ఆ సాయంత్రమే ఆమె నా చొక్కా వైపు చూసి అంది: “బర్రె మీ అంగికి పసుపు కూడా పూసింది సార్. ఇగ మీ మాట మీద నమ్మకం తగ్గిస్తున్న. పూర్తిగ తీసెయ్యలే.”