ఫ్రెంచి అవ్వ పుట్టుమచ్చ

మొన్న చిత్తూరు నుంచి పలమనేరుకు వస్తుంటే, బస్సులో నా వెనక సీటులో ఒక కాలేజీ పిల్ల ఫోను చూసుకుంటూ ‘ఎల్ ఎ పెతీత్, ఎల్ ఎ మాన్స్’ అని వల్లె వేస్తోంది. ఆమె పొట్టిగా ఉంటుంది, సన్నగా ఉంటుంది అని ఫ్రెంచిలో. ఆ మాటలు చెవిన పడగానే నేను మళ్ళీ పంతొమ్మిదేళ్ళ పిల్లనై అలిపిరిలో నిలబడ్డాను.

మన కాలంలో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నవాళ్ళలో భాష మీద ప్రేమతో తీసుకున్నది ఎందరో మీకూ తెలుసు. మార్కులు బాగా పడతాయని ఎవరో చెబితే తిరుపతి కాలేజీలో నేనూ చేరాను. పాడి పశువులతో బతికే మా ఇంట్లో అదొక వింతయింది. మా మేనత్తయితే వచ్చిన ప్రతి చుట్టం ముందూ, “ఆవులకు ఫ్రెంచిలో సెబితే పాలెక్కువ ఇస్తాయంటనా?” అని నవ్వేది.

మనుషుల రూపురేఖలు చెప్పే పాఠం అయిన వారానికే, నాయనా అత్తా నేనూ కొండకు నడిచి వెళదామని పొద్దున్నే అలిపిరి చేరాం. మెట్ల దగ్గర ఒక తెల్ల ముసలాయన పోలీసు చేయి పట్టుకుని ఏదో మొరపెట్టుకుంటున్నాడు. ఒక్కరికీ అర్థం కావడం లేదు. నాకు మాత్రం ‘మా ఫామ్’ అన్న మాట దొరికింది. నా భార్య! భయంతో వెనక్కి తగ్గబోతుంటే నాయన వీపు మీద చెయ్యి వేసి, “పో పాపా, నీకొచ్చినంత మాట్లాడు” అన్నాడు.

జనంలో ఆమె తప్పిపోయిందని తెలిసి, ఎలా ఉంటుందని అడిగాను. ఆయన గడగడా చెప్పుకుపోయాడు. నిదానంగా చెప్పమని బతిమాలితే, కళ్ళు మూసుకుని ఒక్కొక్క మాటే చెప్పాడు. కురచగా కత్తిరించిన తెల్లజుట్టు, ఆకుపచ్చ కళ్ళు. ‘మాన్స్’ అంటే ఏమిటో గుర్తురాక, లావుగా ఉంటుందా అని అడిగితే, అంత దుఃఖంలోనూ నవ్వి చిటికెనవేలు చూపించాడు. తర్వాత జేబులోంచి మాత్రల డబ్బా తీసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె గుండెజబ్బు మందులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. చివరికి ఎడమ బుగ్గ మీద వేలు ఆనించి ‘గ్రాఁ ద బొతే’ అన్నాడు. పుట్టుమచ్చ. మాటకు మాటగా చెప్పుకుంటే, అందపు గింజ.

తెల్లజుట్టు, పిల్లికళ్ళు అంటూ పోలీసు మైకులో చెప్పించాడు. అరగంటైనా ఆమె జాడ లేదు. ఎండ ముదురుతుంటే, నేనే తప్పుగా చెప్పానేమోనని ముసలాయన్ని మళ్ళీ మొదటి నుంచీ అడిగాను.

“ఎడం సెంపేనా? సరిగ్గా ఇన్యావా?” అని అడిగింది అత్త. అవునన్నాను. కొంగు బిగించి జనంలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి పూల అంగళ్ళ వెనక నుంచి కేక: “పాపా, ఈడుండాది సూడు, నీ ఫ్రెంచి అవ్వ!”

తలకు కండువా, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని, నీడలో గోడకు చేరగిలబడి ఉందామె. ఇక జుట్టూ కళ్ళూ ఎవరికి కనబడతాయి? అత్త పట్టుకున్నది బుగ్గ మీది మచ్చను. ముసలాయన పరుగున వచ్చి మాత్ర వేసి, ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కాస్త తేరుకున్నాక ఇద్దరూ నా చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ రోజు మెట్ల పొడుగునా ఎదురైన ప్రతివాళ్ళనూ ఆపి, “మా అన్న కూతురు. ఫ్రెంచి సదవతా ఉండాది” అని చెప్పింది అత్త!

ఇప్పుడైతే ఆయన ఫోనులో ఫొటో చూపించేవాడు. మాటలు కూడా ఫోనే మార్చి చెప్పేది. మంచిదే, ఎవరి ప్రాణమూ అంతసేపు కొట్టుకోదు. కానీ మన మనిషి ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పుకోవలసిన అవసరమే లేకుండా పోయింది. నాయనా అత్తా పోయి చాలా ఏళ్ళయింది. నాయనకు ఫొటో అంటే సిగ్గు. ఉన్న ఒక్కదానిలోనూ కొయ్యలా బిగుసుకుని నిలబడ్డాడు. అత్త గొప్పలు చెబుతుంటే తల వంచుకుని నవ్వుకుంటూ, నాకంటే రెండు మెట్లు ముందు ఎక్కిన నాయన ఏ ఫొటోలోనూ లేడు. పొడుగ్గా, నల్లగా, ఎండకు మెరిసే బట్టతలతో, చెవుల మీద నాలుగు నెరిసిన వెంట్రుకలతో ఉండేవాడు. అడిగితే ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను. అడిగేవాళ్ళే లేరు.