బోర్డు అవతల

ఊరి చివరి బోర్డుకి పదకొండు అడుగుల అవతల పెయింటరు ఇల్లు. ‘పట్టణం సరిహద్దు’ అని ఆ బోర్డు మీద రాసింది కూడా ఆయనే. ఏటా దాన్ని పీకి, ఇంటికి మోసుకొచ్చి, రంగు వేసి, ఆరాక మళ్లీ పాతి రావడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. పాతే చోటు మున్సిపల్ ఆఫీసులో ఏ కాగితం మీదా లేదు. ఆయన పలుగుకి తెలుసు, అంతే.

చెత్త లారీ డ్రైవరుకి ఆ బోర్డే వేదవాక్కు. బోర్డు దాటాకే కుమ్మరించాలని పైవాళ్లు చెప్పారు. దాటీ దాటగానే తొట్టి ఎత్తేవాడు. కుళ్లిన టమాటాలు, కోడి ఈకలు, వెంట్రుకల ఉండలు, వానకి నాని ఉబ్బిన పరుపులు, అన్నీ పెయింటరు గుమ్మం ముందు జలజలా రాలేవి. ఈగలంటే మామూలు ఈగలు కావు. ఒకసారి ఆయన భార్య పళ్లెం మీద మూత తీస్తే, అన్నం నల్లగా లేచి ఎగిరిపోయింది. నమ్మనివాళ్లు నమ్మకండి. ఆయన ఆ పూట పస్తున్న మాట మాత్రం నిజం.

పెయింటరు ఆఫీసుకి వెళ్లి మొరపెట్టుకున్నాడు. పెద్దసారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“మీది మారుమూల ప్రాంతం కదయ్యా. అక్కడ కాస్త చెత్త ఉంటే ఏం పోయింది?”

“మారుమూల ఏంటి సార్? మీ టీ చల్లారేలోపు మా ఇంటికెళ్లి తిరిగొస్తాను.”

“అయినా సరే, శివారు శివారే.”

ఆ ఊళ్లో అందరిదీ అదే తీరు. నడిబొడ్డున ఉన్నవాళ్లకి మిల్లు వీధి శివారు. మిల్లు వీధివాళ్లకి పెయింటరుది పొలిమేర కొంప. మరి పెయింటరో? కాలవ దాటి వంద అడుగుల దూరంలో ఉన్న సొంత అక్క ఇంటికి బయల్దేరినప్పుడల్లా “అడవికెళ్లొస్తానే” అని భార్యతో నవ్వుతూ చెప్పేవాడు.

ఈ ఏడు ఆయన కూతురు పురిటికి వచ్చింది. పాప పుట్టి వారమైంది. పాలు తాగి నిద్రపోతున్న పాప పెదవుల మీద ఈగలు ముసురుకుంటే కూతురు విసిరీ విసిరీ చెయ్యి పడిపోయి ఏడ్చింది.

పెయింటరు భార్యకి కడుపు మండింది. “ఏవండీ, ఊరి హద్దు ముప్పై ఏళ్లుగా మీ చేతిలోనే ఉంది. కాస్త జరపడానికి చేతులు రావా?”

“జరిపి ఎక్కడ పాతనే?”

“అవతలంతా అడవేగా!”

నిజమే కదా అనుకున్నాడు. తెల్లారగానే, ఈ ఏటి రంగు కోసం ఇంటికి తెచ్చి ఆరబెట్టిన బోర్డు భుజాన వేసుకుని, కాలవ దాటి పాతి వచ్చాడు. నోరు ముప్పై ఏళ్లు అడవి అడవి అంటే పలుగు కూడా నమ్మేసింది. ఆయనకి అక్క ఇల్లు గుర్తే రాలేదు.

మూడు రోజులు పెయింటరు ఇంట్లో అన్నం అన్నంలా వాసన వేసింది. ఆయన మారు వడ్డించుకు తిన్నాడు. నాలుగో రోజు అక్క వచ్చి, పీట వాల్చుకుని కూర్చుంది.

“అన్నం పెట్టు మరదలా. మా ఇంట్లో మూత తీస్తే ఎగిరిపోతోంది.”

పెయింటరు చేతిలో ముద్ద ఆగిపోయింది. ఎంగిలి చెయ్యి కడక్కుండానే కాలవ దాటి పరిగెత్తాడు. అక్క గుమ్మం ముందు మోకాలెత్తు కుప్ప. పైన, చీము పట్టినట్టున్న గుమ్మడికాయ పక్కన, ఆయన కుంచెలు తుడుచుకునే నీలం గుడ్డ. ఊళ్లో కలిశాక ఆయన చెత్త కూడా లారీ ఎక్కింది మరి. తిన్నదంతా అక్కడే కక్కేశాడు. అది చెత్త కంపుకి కాదు.

అక్క వెనకే వచ్చి వీపు రాసింది. “ఒరేయ్ తమ్ముడూ, మీ అడవి ఎలా ఉందిరా?”

“తిట్టవే అక్కా.”

“తిట్టడానికి నోరు తెరిస్తే ఈగలు దూరుతున్నాయి. ముందు ఆ బోర్డు సంగతి చూడు. మళ్లీ నీ గుమ్మం ముందే పాతుకుంటావా?”

“పసిపిల్లుందే ఇంట్లో.”

“మరి నా అవతల పాతుతావా? అక్కడ మేకలవాడు పెళ్లాంతో గుడిసె వేసుకున్నాడు. మేమూ వాణ్ణి అడివోడనే అంటాంలే.”

పెయింటరు మూతి తుడుచుకుని లేచాడు. తర్వాత బోర్డు పీకి, ఇంటికి మోసుకొచ్చి, మంచం కింద తోసేశాడు.

మర్నాడు పొద్దున లారీ ఆయన ఇల్లు దాటింది, అక్క ఇల్లు దాటింది, మేకల గుడిసె దాటింది. పక్క ఊరిదాకా పోయింది. సాయంత్రానికి నిండు తొట్టితో, వెనక ఈగల ఊరేగింపుతో తిరిగొచ్చి ఆఫీసు గేటు ముందు ఆగింది.

“ఏంట్రా ఈ కంపు!” అని పెద్దసారు కిటికీలోంచి అరిచాడు.

డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “నేనేం చెయ్యను సార్? ఎంతదూరం పోయినా ఊరు అయిపోవట్లేదు.”