కెమెరాకు నుదురు ఎక్కడ?

ఆ రోజుల్లో ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా ముందు కొత్త కోడలి చేతుల వైపు చూసేవారు. మిక్సీలోంచి పొగ వచ్చినా అంతే, ఆవు పాలు తగ్గించినా అంతే. సోగత్తూరులో నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడాది అలాంటి చూపులు చాలా పడ్డాయి నా మీద. (ఆ చూపులకే నేను చిక్కిపోయానని మా అమ్మ అనేది. నిజానికి అప్పటికే పుల్లలా ఉండేదాన్ని.) వాటన్నిటిలోకీ పెద్దది కెమెరా సంగతి.

మా మరిది హోసూరులో ఒక కంపెనీలో కొత్తగా చేరాడు. ఆయుధ పూజకు వస్తూ, అరచేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరాను వాళ్ల ఆఫీసరు దగ్గర అడిగి తెచ్చాడు. కొడవళ్లు, పారలు, కుట్టుమిషను కత్తెర, మోపెడ్ తాళం పీట మీద వరుసగా పెట్టించి ఫొటోలు తీశాడు. తీసి, కెమెరాను ఆపకుండానే వాటి పక్కన ఉంచి స్నేహితులు పిలిస్తే పరుగెత్తాడు. నేను వంటింట్లో బొరుగుల్లో బెల్లం పొడి కలుపుతున్నాను. మర్నాడు పొద్దున చూస్తే ఫొటో తీసే బటన్ కిందికి దిగి అతుక్కుపోయింది, పైకి రాదు. ఆ సాయంత్రమే అతను హోసూరు బస్సెక్కి దాన్ని తిరిగి ఇచ్చేయాలి.

"వదినా, బెల్లం చేత్తో దీన్ని ముట్టినావా?" అన్నాడు మరిది.

"నేను దాని పక్కకే పోలేదు."

"మరి ఈ జిగట ఎట్ల వచ్చె?"

గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు తల ఎత్తకుండానే, "చదువు రానోళ్లు మిషన్లు ముట్టుకుంటే ఇంతే" అన్నారు. (నాకు అప్పట్లో అక్షరాలు రావు, చాలా ఏళ్లకు నేర్చుకున్నాను. అత్తగారికీ రావు గానీ, ఆ పూట ఆ మాట ఎవరూ ఎత్తలేదు.) మా ఆయన నా వేళ్ల వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగాడు. ఆ చూపు మాత్రం గుచ్చుకుంది. ఈ మచ్చ పడిందంటే ఇక ఈ ఇంట్లో నేను గరిటె పట్టుకున్నా చెడిపేదాన్నే. అందుకని నేనూ అందరినీ అనుమానించడం మొదలుపెట్టాను. మరిది జేబులో ఎప్పుడూ చాక్లెట్ ఉంటుంది. మా ఆయన బొరుగులు తిని చెయ్యి కడిగాడా? అన్నిటికంటే వింత, ఇంట్లో చెంచా పోయినా వీధి వీధంతా విచారించే అత్తగారు, ఇంత గొడవలో కెమెరా వైపు ఒక్కసారి కూడా చూడరేమి?

"చెడిపినోళ్లే బాగు చెయ్యాల" అన్నాడు మరిది.

"సరే, ఇట్ల తే" అన్నాను పౌరుషంగా. మా ఆయన మందుల షాపుకు పోయి, సూది వేసే ముందు చర్మానికి రాసే స్పిరిట్ తెచ్చాడు. "రెండు చుక్కలు కొబ్బరినూనె వేస్తే రాదా?" అని అత్తగారు అంటే మరిది కెమెరాను గుండెకు హత్తుకున్నాడు. బ్యాటరీ తీయించి, చీపురుపుల్ల కొనకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి బాగా పిండి, బటన్ చుట్టూ ఉన్న సందులో మెల్లగా తిప్పాను. తడి ఎక్కువైతే లోపలికి దిగిపోతుందని భయం. అన్నదమ్ములిద్దరూ దొంగను కాపలా కాసినట్టు నా చేతినే చూస్తున్నారు. దూది ఎర్రపసుపుగా వచ్చింది.

"చూసినావా! బెల్లమే!" అన్నాడు మరిది.

నేను వాసన చూశాను. దూదిని మరిదికి ఇచ్చాను. అతను చూసి మా ఆయనకు ఇచ్చాడు. బెల్లం కాదు, చందనం. కొంచెం కుంకుమ కూడా. మేము ముగ్గురం ఒకేసారి గడప వైపు తిరిగాము.

"ఈ చిక్కుడుకాయలు ఉత్త ముదురు" అన్నారు అత్తగారు.

ఇంకాస్త తుడిచేసరికి బటన్ టిక్కుమని పైకి లేచింది. ఆరనిచ్చి, బ్యాటరీ వేసి, మరిది చివరి ఫొటో తెరిచాడు. తెర నిండా ఒక ముక్కు, దానికి ముక్కుపుడక, పైన భక్తితో సగం మూసిన కళ్లు, కింద పళ్ల మధ్య నాలుక కొన.

"అమ్మా! ఇది నువ్వే కదా!"

"అన్నిటికీ బొట్టు పెట్టినాను. అదొకటి ఏం పాపం చేసె?"

"బటన్ మీద ఎవరన్నా పెడతారామ్మా?"

"ముందర దానికి కన్ను ఉండాది కదరా. కంట్లో పెడతారా ఎవరన్నా? కన్నుకు పైన నుదురు. నుదుటనే పెట్టినాను. నన్ను చూసి తళుక్కుమనె. బెదిరి కొంగుతో తుడిచేసినాను."

"ఈ ఫొటో మా ఆఫీసరు చూస్తే?"

"చూడనీ. ఆయన సామానుకు పూజ చేసింది ఎవరో తెలియాల కదా!"

నన్ను అన్న మాట మాత్రం అత్తగారు వెనక్కి తీసుకోలేదు. అయితే ఆ తర్వాత మిక్సీ మళ్లీ పొగ విడిచినప్పుడు, ఆమె ముందు చూసింది మా ఆయన చేతుల వైపు. నాకు అదే చాలనిపించింది.

ఇప్పుడు అత్తగారి చందనం గిన్నె నా చేతికి వచ్చింది. ఆయుధ పూజ రోజు నేను గిన్నె పట్టుకుని లేస్తే చాలు, ఇంట్లో అందరూ ఫోన్లు దాచుకుంటారు. దొరికిన ఫోన్‌ను తిప్పి చూస్తే వెనక మూడేసి కళ్లు, నుదురు ఎక్కడో తెలియదు, నా వేలు గాల్లోనే ఆగిపోతుంది. అయినా ఇంట్లో ఏది మొరాయించినా మా కోడలు ముందుగా వచ్చి నా వేలు వాసన చూస్తుంది. చూడనీ.