గోడ మీద సగం ధర

మా ఆయన నాకు మేనత్త కొడుకు. అందుకే పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తాను, కోపం వచ్చినప్పుడు కూడా. ఆయన షోరూములు తెరిచిన రోజుల్లో ఆ పిలుపులో కోపమే ఎక్కువగా ఉండేది.

నరసన్నపేట బజారులో మా బట్టల కొట్టు ఉంది. ఇద్దరం కలిసి పెట్టింది. కింద వ్యాపారం, పైన కాపురం. కొట్లో కుర్చీలు లేవు. నేల మీద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట పెళ్లి కుదిరినా ఆటోలు కట్టించుకుని బట్టలు తీయడానికి వస్తారు. వాళ్ల వెంట బేరానికని ఒక పెద్దావిడ తప్పకుండా ఉంటుంది. చీరలు ఆడపిల్లలు ఎంచుకుంటారు, ధర మాత్రం ఆవిడే తేల్చాలి. మేం ఒక మాట చెప్పడం, ఆవిడ పెదవి విరవడం, విసురుగా లేచి గుమ్మం దాకా వెళ్లడం, మేం టీ తెప్పించి వెనక్కి పిలవడం, ఇదంతా జరిగి తీరాలి. చివరికి ఎంత తగ్గిస్తామో మాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా తగ్గించుకున్నాక ఆవిడ తలెత్తుకుని నడిచే నడక చూడాలి. ఆ పూట ఊరి పెద్ద ఆవిడే.

అలాంటి కొట్టు ఉండగా బావకి గాజు తలుపుల పిచ్చి పట్టింది. శ్రీకాకుళంలో పెద్ద కంపెనీల షోరూములు చూసొచ్చి, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, తానూ ఒకటి తెరిచాడు. దసరాకి బాగానే నడిచింది. అది నిలదొక్కుకుందో లేదో తెలియకుండానే గరివిడిలో ఇంకొకటి. అదేమంటే అక్కడ ఫ్యాక్టరీ ఉంది, నెల జీతాలున్నాయి అన్నాడు. జనాన్ని రప్పించడానికి ‘ఒకటి కొంటే రెండు ఉచితం’ అని రాయించాడు. జనం విరగబడ్డారు. బావ ఆ జనాన్ని ఫోన్లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపాడు. ముగ్గురు కొనాల్సిన బట్టలు ఒకరే పట్టుకుపోతుంటే ఎవరు ఎవరికి దానం చేస్తున్నట్టు అని నేనడిగితే, నీకు ఈ కాలపు వ్యాపారం తెలీదని నవ్వాడు.

ఉచితం తీసేసిన మర్నాడు షోరూముల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వచ్చినవాళ్లు బట్టలు పట్టి చూసి, మళ్లీ ఎప్పుడు పెడతారని అడిగి వెళ్లిపోయేవారు. వాళ్ల తప్పేముంది, ఆగితే చవగ్గా వస్తుందని నేర్పింది మేమే. దాంతో మళ్లీ డిస్కౌంటు, మళ్లీ వీడియో. అమ్మకం ఉన్నా లేకపోయినా అద్దెలు, కరెంటు బిల్లులు ఆగవు కదా. అక్కడి అరలు ఖాళీగా కనబడకూడదని నరసన్నపేట సరుకు వ్యానులో అటు పోయేది. ఇక్కడ పట్టుచీర అడిగితే చూపించడానికి ఉండేది కాదు.

చివరికి ఆ రోగం పాత కొట్టుకీ అంటించాడు. ముందు ధరలు పెంచి, ఆ పైన ‘అన్నిటి మీదా సగం ధర’ అని గోడ నిండా బ్యానరు కట్టాడు. సరిగ్గా పెళ్లిళ్ల ముందు.

సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒకావిడ వచ్చేది. చేపల వ్యాపారం చేసే మనిషి. పిల్లలందరి పెళ్లి బట్టలూ మా దగ్గరే తీసింది. ఈసారి మనవరాలి పెళ్లికని ఆటో నిండా జనంతో దిగింది. బ్యానరు మీద ఏముందో మనవరాలు చదివి చెప్పింది. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏటి కోడలా ఇది? ఇప్పుడు సగానికి ఇచ్చీగలరంటే, ఇన్నాళ్లూ మా కాడ రెట్టింపు లాగీసినారా?”

బావ ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడ వినలేదు.

“తగ్గించాల్సింది మీరే గోడ మీద తగ్గించీసినారు. ఇంక నాతో పనేటి? నలుగురిలో నానేటి సేసినానని సెప్పుకోవాల?”

వచ్చిన ఆటో వచ్చినట్టే తిరిగి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారంలోనే బావ బ్యాంకు కాగితాలు పట్టుకొచ్చాడు. విజయనగరంలో ఇంకో షోరూము పెడితే నష్టాలన్నీ పూడిపోతాయట. దానికి ఈ కొట్టు, ఈ ఇల్లు తాకట్టు పెట్టాలి. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. సంతకం పెట్టనన్నాను. అలిగి అన్నం మానేశాడు. చుట్టాలు ఫోన్లు చేసి, ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని దెప్పారు. నాకు భయం లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రెండు షోరూములూ పోయినా మాకు గంజి నీళ్లకి లోటుండదు, ఈ కొట్టు పోతే మాత్రం వీధిన పడతాం. అది నాకు స్పష్టంగా కనబడింది.

“బావా, నాను సంతకం పెట్టను. గరివిడి తాళం నాకిచ్చీ. మూసీసి వస్తాను.”

ఇవ్వలేదు. అయితే కొన్నాళ్లకి శ్రీకాకుళంలో మా షోరూము ఎదురుగా ఉన్న పెద్ద కంపెనీ షాపు మూతపడింది. బావ ఎవర్ని చూసి వాత పెట్టుకున్నాడో వాళ్లే. వాళ్ల ఇనుప అరలు పాత సామాన్ల వాళ్లు లారీకెక్కిస్తుంటే రోడ్డు మీద నిలబడి చూశాడట. ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా కూలబడ్డాడు.

“అంత డబ్బున్నోళ్లకే షాపు నిలబడలేదే. మనమెంత?” అని తాళాలు రెండూ నా ఒళ్లో పడేశాడు.

ఆ తర్వాత నన్ను పట్టేవాళ్లు లేకపోయారు. రెండూ మూయించాను. అక్కడ పనిచేసిన ఆడపిల్లల జీతాలు పైసా మిగల్చకుండా ఇప్పించాను. మిగిలిన సరుకు వెనక్కి తెప్పించి అరలు నింపాను. పెంచిన ధరలు మామూలుకి దించి, బ్యానరు నా చేత్తో చింపాను. మర్నాడే చేపలావిడ ఊరు వెళ్లాను. ధర పెంచి సగం చేసిన సంగతి దాచకుండా చెప్పేశాను. ఆవిడ తిట్టాల్సినవి తిట్టి, చేపల పులుసుతో అన్నం పెట్టి, పెళ్లి బట్టలు ఇంకా తీయలేదని, తీయడానికి వస్తానని చెప్పింది.

అన్నట్టే వచ్చింది. దుప్పటి నిండా చీరలు పరిచాం. బేరం పొద్దు వాలేదాకా సాగింది. పక్క కొట్ల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. బావకి షోరూముల్లో బేరం అలవాటు తప్పిపోయి, మొదటి మాటకే ఒప్పేసుకోబోయాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. నేను బావని పక్కకి నెట్టి ముందుకొచ్చి కూర్చున్నాను. అప్పుడు చూడాలి ఆవిడ హుషారు. ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్లింది, నేను పిలవలేదు. ఆవిడే తిరిగి చూసింది, అప్పుడు పిలిచాను. ఇద్దరం గెలిచేదాకా ఇద్దరం ఒప్పుకోలేదు.

ఆవిడ చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు మూట కట్టిస్తుండగా బ్యాంకు ఏజెంటు వచ్చాడు. విజయనగరం లోను ఇంకా ఉందని, మేడమ్ ఒక్క సంతకం పెడితే చాలని బావ చెవిలో అన్నాడు. బావ మాత్రం చెవిలో చెప్పలేదు, కొట్టంతా వినబడేలా చెప్పాడు.

“మా ఆవిడ పెట్టదు బాబూ. ఆవిడ పెట్టినా నాను పెట్టను.”