మిర్యాలగూడ దారిలో నేను ఆగని చోటు

నలభై ఆరో ఏట నేను రోడ్ బైక్, అంటే వేగంగా పోయే రేసు సైకిల్, కొన్నాను. సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. షుగర్ ఉందని తేలినప్పుడు డాక్టర్ రోజూ నడవమన్నాడు. నడక నాకు విసుగు. చిన్నప్పుడు హైస్కూలుకు సైకిల్ మీద వెళ్ళిన సుఖం గుర్తొచ్చి, ఇంట్లో పడివున్న పాత సైకిల్‌కు కొత్త టైర్లు వేయించి తొక్కడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి అది చాలలేదు. హైదరాబాద్ వెళ్ళి వంగిన హ్యాండిల్, సన్నని టైర్లు ఉన్న కొత్త సైకిల్ తెచ్చుకున్నాను.

ఇంటి ముందు దింపగానే నా భార్య దాన్ని ఒక్క చేత్తో లేపి చూసింది.

"గింత అల్కగున్నదేంది? మనిషిని మోస్తదా?"

"మోస్తది. ఉరుకుతది గూడ," అన్నాను.

కొన్న రోజు షాపులో సీటు ఎత్తు సరిచేసిన మెకానిక్ గంట బిగించమంటారా అని అడిగితే వద్దన్నాను. బరువు అవుతుందని చెప్పాను. నిజానికి గంట పెడితే అందం పోతుందనిపించింది.

ఊళ్ళో నాలాంటివాళ్ళం ఏడుగురం కలిశాం. డిసెంబర్ చివర్లో రెండు వందల కిలోమీటర్లు తొక్కాలని అనుకున్నాం. పొద్దున సూర్యాపేటలో బయల్దేరి మిర్యాలగూడ, పెద్దవూర మీదుగా నాగార్జున సాగర్ చేరి, అదే దారిన చీకటి పడేలోగా తిరిగి రావాలి. పదమూడున్నర గంటల్లో పూర్తిచేస్తే చిన్న మెడల్. దానికోసం సెప్టెంబర్ నుంచే తయారీ మొదలైంది. మామూలు రోజుల్లో కాలేజీకి ముందు ముప్ఫై కిలోమీటర్లు, ఆదివారం ఎనభై, తొంభై. ఒక వారం హైవే మీద కోదాడ వైపు, ఒక వారం మిర్యాలగూడ వైపు. నాకు రెండోదే ఇష్టం. అటు లారీలు తక్కువ. కాలువ పక్కన చల్లగా ఉంటుంది. ఊరు దగ్గరపడుతుంటే రైస్ మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన గాలిలో వస్తుంది.

ఆ రోజులు తలుచుకుంటే నాకు నేనే నచ్చను. అన్నం తూకం వేసుకుని తినేవాణ్ణి. ఇంట్లో ఎవరేం మాట్లాడినా సగటు వేగం దగ్గరికే తీసుకొచ్చేవాణ్ణి. స్టాఫ్ రూములో నన్ను చూసి తోటి లెక్చరర్లు పేపర్ అడ్డం పెట్టుకునేవాళ్ళు.

నవంబర్‌లో ఒక ఆదివారం మిర్యాలగూడ వెళ్ళి తిరిగి వస్తున్నాను. పొద్దున ఎనిమిది దాటింది. దారిలో ఒక ఊరుంది, పేరు రాయను. కోతలైన రోజులు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పెట్టారు. ఒక ముసలావిడ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కాళ్ళతో వడ్లు తిరగేస్తూ నడుస్తోంది. ఆమె వీపు నావైపు ఉంది. ఫోన్‌లో నా సగటు వేగం ఆ రోజే మొదటిసారి ఇరవై ఎనిమిది చూపిస్తోంది. బ్రేక్ పట్టుకుంటే ఆ అంకె పడిపోతుంది. "సైడ్, సైడ్!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడి, పక్కకు జరగాల్సింది పోయి నావైపే తిరిగింది. నా హ్యాండిల్ చివర ఆమె కొంగుకు చిక్కుకుని విడిపోయింది. ఆమె కాలు వడ్ల మీద జారింది. చెయ్యి ఒంటి కింద ఇరుక్కునేలా ఆమె పడిపోవడం కంటి కొసతో చూశాను.

ఇరవై గజాలు పోయాక వెనక్కి తిరిగాను. ఆమె లేచి కూర్చుంది. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఒకటి ఆమె పక్కన ఆగింది. చూసుకునేవాళ్ళు ఉన్నారు కదా అనుకున్నాను. వెనక నుంచి ఒక కేక వినిపించింది. నేను గేరు మార్చాను.

ఇంటికొచ్చాక, "ఎట్లయింది?" అని నా భార్య అడిగింది. ఇరవై ఎనిమిది దాటిందని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం కోదాడ వంతు. ఆ పై ఆదివారం కూడా కోదాడే వెళ్ళాను. ఆ తర్వాత కూడా. కోదాడలో నేను ఆగే టీ కొట్టు ఆవిడ మూడో వారం అడగనే అడిగింది. "ఏమండీ, ఈమధ్య వారం వారం ఇటే వస్తన్నారు. ఆ మిర్యాలగూడ రోడ్డు బాగోలేదా?"

"గుంతలు ఎక్కువైనయమ్మా," అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. తిరుగు దారంతా ఆ ముసలావిడ లేచి కూర్చున్న తీరునే గుర్తుచేసుకున్నాను. లేచింది కాబట్టి దెబ్బ తగలలేదు. దెబ్బ తగిలినా ఎవరో చూసే ఉంటారు. ఇలా ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేవాణ్ణి.

డిసెంబర్ రైడ్‌కు దారి మార్చుకునే వీల్లేదు. ఆ ఊరి మీదుగానే పోవాలి. పొద్దున ఏడున్నరకు ఏడుగురం వరసగా అక్కడికి చేరాం. ఆ ముసలావిడ తన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. కుడిచేతికి మోచెయ్యి దాకా కట్టు. వరసగా పోతున్న సైకిళ్ళను వింతగా చూస్తోంది. నేను తల దించుకుని, ముందున్నవాడి వీపు చాటున దాటిపోయాను.

పెద్దవూరలో అందరూ ఉప్మా తిన్నారు. నేను ప్లేటు పక్కన పెట్టి టైర్లలో గాలి చూసుకున్నాను. సాగర్ నీళ్ళ ముందు ఫోటోలు దిగాం. సాయంత్రం ఐదున్నరకు సూర్యాపేట చేరాం. మెడల్ మెడలో వేసి చప్పట్లు కొట్టారు. చెమట పట్టిన ఆ రిబ్బన్ మెడకు అంటుకున్నది ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున వంటింట్లో నా భార్య, "మెడల్ వచ్చినంక గూడ మొహం గట్ల వెట్టుకున్నవేంది?" అంది. అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె పొయ్యి ఆపేసింది.

"నెలంత ఇంట్ల నాతోని మంచిగనే మాట్లాడినవ్ గద," అంది. స్కూటర్ తాళం తీసుకుని, "తయారు కా. పోదాం," అంది.

కాలేజీకి సెలవు పెట్టి, స్కూటర్ మీద ఇద్దరం వెళ్ళాం. ఆ ముసలవ్వ అదే అరుగు మీద ఉంది.

"ఎవలు బిడ్డా? పింఛన్ సార్లా?"

"కాదవ్వా. చెయ్యికేమైంది?" నా భార్య పక్కన కూర్చుంటూ అడిగింది.

"పాలోడు గుద్దిండు బిడ్డా. ఎనుకనుంచి వచ్చి గుద్దిండు. నేను గాదు, సైకిల్ గుద్దింది అంటడు. సైకిల్ గుద్దితే చెయ్యి ఇరుగుతదా? గంట సప్పుడు గూడ ఇనరాలె. లేసి సూస్తె వాని బండే ఉన్నది."

"దవాఖానకు ఎవరు తీస్కపోయిండ్రు?"

"వాడే. మిర్యాలగూడ తీస్కపోయి కట్టు కట్టిపిచ్చిండు. తప్పు జెయ్యనోడు గంత ఎందుకు జేస్తడు? గందుకే ఊళ్ళె బర్లున్నోళ్ళు ఎవ్వలు వానికి పాలు పోస్తలేరు."

ఆ నెల రోజులూ నేను భయపడింది ఆమె చెయ్యి గురించే. ఆమెను లేపినవాడి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"పాలాయన గాదు అవ్వా. నేను. సైకిల్ మీద వచ్చింది నేనే, ఆపకుండ పోయింది నేనే."

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఎడమచేత్తో కొంగు తీసుకుని కళ్ళు ఒత్తుకుంది.

"వానికి శాపనార్థాలు పెట్టిన. వాని పిల్లల్ని గూడ అన్న. నాతోని ఎంత మాట అనిపించినవ్ బిడ్డా."

పాలాయన ఇల్లెక్కడని అడిగాను.

ఆమే లేచి చెప్పులేసుకుంది. ఆమె ముందు, మేం వెనక. మూడు వీధుల అవతల పాలాయన తన ఇంటి ముందు క్యాన్లు కడుగుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. అవ్వ వెళ్ళి ఎదురుగా నిలబడి, "అయ్యా, నీ తప్పేం లేదు. గుద్దింది ఈ సారట," అంది. కట్టు లేని చెయ్యి ఎత్తి దండం పెట్టింది.

ఆయన క్యాన్ కింద పెట్టి నన్ను చూశాడు.

"నేను పిలిచిన సార్. ఓ సైకిలాయనా అని. ఇనవడలేదా?"

గాలి హోరులో వినపడలేదనే మాట నా నాలుక మీదే ఉంది. నా భార్య కూడా నావైపు చూస్తోంది.

"వినవడ్డది," అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఈ మాట నాకు సెప్తె ఏమొస్తది? ఊళ్ళె సెప్పున్రి."

చెప్పాను. పాలు పితికే వేళ దాకా అక్కడే ఉండి, ఆయనకు ఇదివరకు పాలు పోసిన ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన నవ్వాడు. ఒకావిడ, "సార్లయి గిదేం పని?" అని గట్టిగా తిట్టింది. కొందరు వినేసి గేదె దగ్గరికి వెళ్ళిపోయారు. ప్రతి గడపలో మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నన్ను నేను కాస్త మంచివాణ్ణిగా చేసుకుని చెప్తున్నానని గమనించి సరిదిద్దుకున్నాను.

సగంమంది మళ్ళీ ఆయనకు పోయడం మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళు అప్పటికే పాల కేంద్రానికి అలవాటుపడ్డారు. ఆయన ఇంకో రెండు ఊళ్ళు తిరిగి ఆ లోటు పూడ్చుకుంటున్నాడు. నేను ఎదురైతే, "బాగున్నరా సార్" అంటాడు. అంతకు మించి మాట కలపడు. కలపాలని నేను కోరుకోవడం కూడా సరికాదనిపిస్తుంది.

సైకిల్ అమ్మేస్తానని ఒక రోజు ఇంట్లో అన్నాను.

"సైకిలేం జేసింది?" అంది నా భార్య.

అమ్మలేదు. నెలకోసారి ఆ దారిన వెళ్తాను. అవ్వ కట్టు విప్పారు. ఎముక అతికింది గాని మణికట్టు కొంచెం వంకర పోయింది, ఆ చేత్తో నీళ్ళ బిందె ఎత్తలేదు. నేను దిగగానే లోపలికి వెళ్ళి చాయ్ పెట్టుకొస్తుంది. "షుగర్ ఉన్నదన్నవ్ గద, సక్కెర ఎయ్యలె," అంటుంది. అరుగు మీద ఆమె పక్కన కూర్చుని తాగుతాను.